నాలుగు వేళ్ళ మడత

మా సంస్థ పేరు జిల్లా పునర్వినియోగ ప్రోత్సాహక సంస్థ. పాత వస్తువుల్ని పారెయ్యకుండా మళ్ళీ వాడుకోమని జనానికి చెప్పడం మా పని. చెప్పడం వరకే. వాడుకోవడం జనం పని. మేము పుట్టకముందు కూడా జనం ఆ పని చేస్తూనే ఉన్నారు. చీర చిరిగితే బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డయ్యేది, మసిగుడ్డ కూడా చిరిగితే సైకిలు తుడిచేవాళ్ళు. కాకపోతే పాపం వాళ్ళకి దాన్ని పునర్వినియోగం అంటారని తెలియదు. ఆ సంగతి తెలియజెయ్యడానికి ముప్ఫైనలుగురు ఉద్యోగుల్ని, రెండు జీపుల్ని, ఒక సంచాలకుణ్ణి నియమించారు. ఆ ముప్ఫైనలుగురిలో నేను తపాలా గుమాస్తాని. వచ్చే ఉత్తరానికీ పోయే ఉత్తరానికీ నంబరు వేస్తాను. లోపల ఏముందో చదవడం నా విధుల్లో లేదు. పద్దెనిమిదేళ్ళుగా నేను సుఖంగా ఉన్నానంటే కారణం అదే.

మా సంచాలకులు పరాంకుశం గారు నిరుడు ఎండాకాలంలో ఒక సదస్సుకి వెళ్ళొచ్చారు. కొండ మీద హోటల్లో మూడు రోజులు దుప్పట్లు కప్పుకుని కూర్చుని, భూమి వేడెక్కిపోతున్నదని చర్చించారట. చివరి రోజున వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. పత్రంలో విశేషం లేదు, దాన్ని పెట్టి ఇచ్చిన కవరు మాత్రం గుడ్డది. ఎవరో ఓపికగల ఇల్లాలు మిగిలిపోయిన కర్టెను ముక్కతో చేత్తో కుట్టింది. పూల గుడ్డ, అంచు చుట్టూ సన్నటి కుట్టు, మూతకి చిన్న గుండీ. చూడముచ్చటగానే ఉంది. తను ఎలాంటి నిప్పు రాజేస్తున్నదో ఆవిడకి తెలియదు కాబట్టి నేను ఆవిణ్ణి తప్పు పట్టను.

తిరిగొచ్చిన రోజే సంచాలకులు మా అందరినీ హాల్లో సమావేశపరిచి, కవరుని రెండు చేతులతో పైకెత్తి చూపించారు.

"దీనిని కేవలం ఒక కవరుగా చూడరాదు. ఇది ఒక దృక్పథము. కాగితం అనగా వృక్షం. కాగితపు కవరు అనగా వృక్షహత్య. ఇకమీదట ఈ కార్యాలయం నుండి వెలువడు, మరియు ఈ కార్యాలయమునకు చేరు సమస్త ఉత్తర ప్రత్యుత్తరములు మిగులు వస్త్రముతో, చేతితో తయారు చేయబడిన లకోటాలలో మాత్రమే జరుగవలెను. కాగితపు కవరులో వచ్చిన ఏ విజ్ఞప్తినీ స్వీకరించరాదు."

చివరి వాక్యం చెప్పేటప్పుడు నా వైపు చూశారు. ఆయనకి నా పేరు తెలియదు. నన్ను "డెస్పాచ్" అని పిలుస్తారు.

ఆ ఆదేశాన్ని ఊళ్ళో అందరికీ తెలియజెయ్యడానికి ఆరువేల కరపత్రాలు అచ్చు వేయించాం. కాగితం మీదే.

గుడ్డ కవరు చెయ్యడం మాటలు కాదు. ముక్కని గంజిలో ముంచి, తీగ మీద ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. గుడ్డ ఒక్కటే అయితే ఉత్తరం లోపల నిలబడదు కాబట్టి వెనక మైదా జిగురుతో దళసరి కాగితం రెండు పొరలు అంటించాలి. మిగులు కాగితం పనికిరాదు, ముడతలు పడుతుంది. కొత్తది కావాలి. అంటే ఒక కాగితపు కవరు మానెయ్యడానికి రెండు కొత్త కాగితాలు. ఈ లెక్క నేను పైకి అనలేదు. తర్వాత నాలుగు రెక్కలు మడిచి, మూడు కుట్టి, నాలుగోదానికి గుండీ పెట్టాలి. వారం తిరిగేసరికి మా ఆఫీసులో సెక్షన్ల పేర్లు మారిపోయాయి. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను కత్తిరింపు చూసేది, అకౌంట్సు వాళ్ళు గంజి కాచేవాళ్ళు, రికార్డు రూములో ఫైళ్ళ మధ్య తీగలు కట్టి ముక్కలు ఆరేసేవాళ్ళు. సూపరింటెండెంటు ఇస్త్రీ చేసేవారు. ఆయన సీనియర్ కదా.

అసలు చిక్కు చిరునామా దగ్గర వచ్చింది. గుడ్డ మీద సిరా పాకుతుంది. ఒకాయన పేరు రాస్తే పక్కాయన పేరులా తేలుతోంది. సంచాలకులు ఆలోచించి, చిరునామాలు దారంతో కుట్టమన్నారు. అప్పటినుంచి పొట్టి పేర్ల వాళ్ళకి ఉత్తరాలు తొందరగా, పొడుగు హోదాల వాళ్ళకి ఆలస్యంగా అందడం మొదలైంది. రైలుగేటు అవతల పేటకి నీళ్ళ ట్యాంకర్లు పంపమని మే నెలలో కార్యనిర్వాహక ఇంజనీరు గారికి ఒక ఉత్తరం తయారైంది. "కార్యనిర్వాహక" దగ్గరే ఎరుపు దారం అయిపోయింది. దారం తెప్పించి "గారికి" దాకా వచ్చేసరికి వానలు పడ్డాయి. సమస్య పరిష్కారమైనదని రాసి ఫైలు మూసేశారు.

ఉద్యోగుల ఇళ్ళలో ఉన్న పాత గుడ్డలు రెండు నెలల్లో అయిపోయాయి. మా ఆవిడ నేను కట్టుకునే లుంగీలు బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. మిగులు వస్త్రం కొరత మీద సంచాలకులు నిపుణుల సంఘం వేశారు. ముగ్గురు నిపుణులూ ఊళ్ళో దర్జీ దుకాణాలన్నీ పరిశీలించాల్సింది గానీ, న్యూ స్టైల్ టైలర్స్ బుజ్జిబాబు దుకాణంలో ఫ్యాను ఉండటం వల్ల అక్కడే కూర్చుండిపోయారు. బుజ్జిబాబు సంగతి ఊరందరికీ తెలుసు. అతని దగ్గర చొక్కా కుట్టించుకున్నవాడు చెయ్యి పైకెత్తి ఆటోని ఆపలేడు. చంక పట్టేస్తుంది. అతను గుడ్డ మీద కత్తెర పెట్టాడంటే ఎనిమిది మీటర్లలో ఒక మీటరు పేలికలైపోతుంది. ఆ పేలికల్ని నిపుణులు తూకం వేయించి, "ప్రతి ఎనిమిది మీటర్లకు ఒక మీటరు మిగులు సహజముగా లభించును" అని నివేదిక ఇచ్చారు. మర్నాడే సర్క్యులరు. ప్రతి దర్జీ ఎనిమిదింట ఒక వంతు మిగులు మా సంస్థకి జమ చెయ్యాలి. ఇవ్వనివారికి హాస్టళ్ళ బట్టలు కుట్టే పని ఉండదు. ఆ పని ఎవరికి ఇవ్వాలో తేల్చేది మా సంస్థే.

ఆగస్టు పదిహేనున బుజ్జిబాబుకి "ఉత్తమ మిగులు దర్జీ" అని శాలువా కప్పారు. అతను కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో నన్ను అర్థం చేసుకున్నవాళ్ళు లేరండీ" అన్నాడు. తర్వాత మిగతా దర్జీలకి మిగులు పెంచే పద్ధతుల మీద శిక్షణ కూడా అతనే ఇచ్చాడు.

ఇక ఖాసింబీ సంగతి చెప్పాలి.

మార్కెట్టు వెనక సందులో ఒకే గది దుకాణం ఆవిడది. మొగుడు పోయాక ఆయన మిషను మీద ఆవిడ కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళవుతోంది. మా ఇంటి వెనక వాడ కాబట్టి నేను పిన్నమ్మా అంటాను. గుడ్డని నేల మీద పరిచి సుద్దతో గీతలు గీస్తే, ఒక చొక్కా చంక వంపులో ఇంకో చొక్కా మెడ వంపు ఇమిడిపోయేది. సన్న పేలికలు గుండీ పట్టీలకి, కాజా పట్టీలకి పోయేవి. ఆ పైన ఇంకా గుడ్డ ఉందనుకోండి, దాన్ని బట్ట లోపలికి మడిచి కుట్టేసేది. ఎదిగే పిల్లల బట్టలకైతే కింద నాలుగు వేళ్ళ మడత, పక్కల రెండు వేళ్ళ మడత తప్పకుండా ఉండాల్సిందే. మరుసటేడు పిల్ల పొడుగైతే ఆ మడత విప్పుకుంటే సరి. మా తాలూకాలో పిల్లల తల్లులు బట్ట కొనేటప్పుడు రంగు చూసేవాళ్ళు, కుట్టించేటప్పుడు మడత చూసేవాళ్ళు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి చొక్కా ఆవిడే కుట్టింది. కొలతలు తీసుకుంటూ, "కూర్చునే పని గదా నాయనా, పొట్టొచ్చిద్ది. పక్కల రెండేసి ఏళ్ళు లోపలుంచుతున్నా" అంది. నేను అప్పుడు గడకర్రలా ఉండేవాణ్ణి. నవ్వాను. ఆ తర్వాత కుట్టిన చొక్కాలన్నిటికీ అలాగే ఉంచింది, వాటిలో చాలావాటికి నేను ఆ మడత విప్పించుకున్నాను కూడా.

రైలుగేటు దగ్గర ఆడపిల్లల హాస్టల్లో నూట పద్దెనిమిది మంది ఉంటారు. వాళ్ళ నేరేడు రంగు స్కర్టులు, తెల్ల చొక్కాలు పదేళ్ళుగా ఆవిడే కుడుతోంది. ఆవిడ ఇల్లు గడిచేది ఆ పని మీదే. ఆ ఏడాది కూడా జూన్‌లోనే కుట్టి ఇచ్చేసింది. సెప్టెంబరులో ఆవిడ మిగులు లెక్క చూస్తే సున్నా. దాని మీద నోటీసు వెళ్ళింది. నోటీసుకి నంబరు వేసింది నేనే. "తాము హాస్టలు వస్త్రముల నుండి లభించిన మిగులును జమ చేయక దాచియుంచినట్లు భావించవలసి వచ్చుచున్నది. పదిహేను దినములలో సంజాయిషీ చేరని యెడల తమ పేరు నల్ల జాబితాలో చేర్చబడును."

పదమూడో రోజున ఆవిడ మా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితపు కవరు.

"ఏంది నాయనా ఇది? గుడ్డ మిగల్లేదంటే తప్పంటారేంది? మిగిల్చేవాణ్ణి గదా ఊళ్ళో దొంగ దర్జీ అనేది?"

"అది నాకు తెలియదు పిన్నమ్మా. నా పని నంబరు వెయ్యడం."

"అయితే వెయ్యి. జవాబు రాయించుకొచ్చా."

"కాగితం కవర్లో ఉంది. తీసుకోకూడదు. మిగులు గుడ్డతో చేసిన కవర్లో తేవాలి."

ఆవిడ కవరుని ఒకసారి తిప్పి చూసుకుంది.

"నా దగ్గర మిగులు లేదని చెప్పే కాయితాన్ని మిగులు గుడ్డలో పెట్టి తేవాలా?"

"అవును."

"ఆ గుడ్డ యాడ నుంచి తేను?"

"అది నిబంధనల్లో లేదు."

"కొత్త గుడ్డ కొని చింపితే?"

"అది మిగులు కిందికి రాదు పిన్నమ్మా."

ఆవిడ కవరు కిటికీ అంచు మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నేను కవరు తెరిచాను. నా విధుల్లో లేదు గానీ తెరిచాను. ఎవరో బడిపిల్ల చేత రాయించినట్టుంది, గుండ్రటి అక్షరాలు. "అయ్యా, నా దగ్గర మిగులు లేదు. గుడ్డ అంతా బట్టలోనే ఉంది. ఖాసింబీ." అంతే.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఒక ఉత్తరం చదివాను, దాని ఫలితం అది. మర్నాడు సెలవు పెట్టి, ఆవిడ కిందటేడు కుట్టిచ్చిన చొక్కా తిరగేసి, పక్కల మడతలు బ్లేడుతో విప్పి కత్తిరించాను. రెండేసి వేళ్ళ వెడల్పు పట్టీలు నాలుగు వచ్చాయి. వాటిని అతికి, గంజి పెట్టి, మూడు పక్కలా కుట్టాను. వంకరగా వచ్చింది గానీ కవరే. అందులో ఆవిడ జవాబు పెట్టి, పదిహేనో రోజున నంబరు వేశాను. ఆ రోజు నేను మంచివాణ్ణని నాకు నమ్మకం కలిగింది. నా జీవితంలో అంత ఖరీదైన నమ్మకం ఇంకోటి లేదు, ఖరీదు మాత్రం వేరేవాళ్ళు కట్టారు.

మా ఆఫీసులో తిరుపాలు అని మిగులు పరిశీలనాధికారి ఉన్నాడు. పథకం మొదలయ్యాక సృష్టించిన పోస్టు. ఉత్తరాలు ఆయన చదవడు, కవర్లు పరీక్షిస్తాడు. భూతద్దం పెట్టి నా కవరు చూసి నన్ను పిలిపించాడు.

"ఈ లకోటాలోని వస్త్రము ఏ మూలము నుండి లభ్యమైనది?"

"నా చొక్కా నుంచండీ."

"చొక్కా చిరిగినదా?"

"లేదండీ. లోపల మడత ఉంటే తీశాను."

"లోపల?" తిరుపాలు లేచి నిలబడ్డాడు. "చొక్కా కుట్టినదెవరు?"

అప్పుడైనా నాకు బుద్ధి ఉండాల్సింది. చెప్పేశాను. ఆయన అప్పుడు కవరు విప్పి జవాబు కూడా చదివాడు. రెండోసారి పైకి చదివాడు. "గుడ్డ అంతా బట్టలోనే ఉంది! చూశారా, తానే వ్రాసి ఇచ్చినది. ఇది సంజాయిషీ కాదు, నేరాంగీకార పత్రము!"

గంటలో సంచాలకుల గదిలో అత్యవసర సమావేశం జరిగింది. తిరుపాలు నా చొక్కాని ఇంటి నుంచి తెప్పించి, బల్ల మీద పరిచి, మడత ఉన్న చోటు స్కేలుతో చూపించాడు. పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అనగా ఈ దర్జీ ముప్ఫై సంవత్సరములుగా మిగులును ప్రజల ఒంటి మీదనే దాచుచున్నది."

"అవును సార్. మనుషులు దానిని మోసుకొని నడచుచున్నారు, దాని మీదనే కూర్చొనుచున్నారు."

"హాస్టలు బాలికల వస్త్రములందు?"

"తప్పక ఉండును సార్. నూట పద్దెనిమిది మంది, తలా రెండు స్కర్టులు. ఒక్కొక్కదానికి నాలుగు వేళ్ళు."

"అవి ఎదుగుదల కోసం సార్" అన్నాను. ఆ గదిలో నాకు మాట్లాడే అర్హత లేదు.

సంచాలకులు జాలిగా చూశారు. "డెస్పాచ్, వచ్చే సంవత్సరపు ఎదుగుదలకు ఈ సంవత్సరం వస్త్రం ఎందుకయ్యా? ఎదిగిన పిదప దరఖాస్తు చేసుకొనవచ్చును గదా. జరగని ఎదుగుదల నిమిత్తం వస్త్రమును నిరుపయోగముగా నిల్వ ఉంచుటయే వృథా. వృథాను అరికట్టుటయే మన ధ్యేయము."

తెల్లారి రెండు జీపుల్లో హాస్టలుకి వెళ్ళాం. లెక్క రాయడానికి నన్నూ తీసుకెళ్ళారు. వార్డెను ఎస్తేరు గారు పిల్లల్ని బళ్ళోకి పంపి, ఉతికిన జత స్కర్టులు మాత్రం ఇస్తామంది. తిరుపాలు ఒప్పుకోలేదు. రెండు జతలూ కావాలన్నాడు. ఆ రోజు నూట పద్దెనిమిది మంది పిల్లలూ దుప్పట్లు చుట్టుకుని మంచాల మీద కూర్చున్నారు. వరండాలో బుజ్జిబాబు, అతని దగ్గర శిక్షణ పొందిన ఇద్దరు దర్జీలు మడతలు కోసి, కింద అంచు ఊరికే టాకా వేసి ఇచ్చారు. కోసిన పట్టీలు నేరేడు రంగు గుట్టలుగా పడ్డాయి. లోపలుండటం వల్ల వాటి రంగు వెలవలేదు, స్కర్టుల కంటే కొత్తగా ఉన్నాయి. "మొత్తము దొరికినది" అని తిరుపాలు నా చేత రాయించి సంతకం పెట్టాడు.

ఎస్తేరు గారు ఒక్క మాటే అడిగింది. "డిసెంబరుకి ఈ పిల్లలు ఏం కట్టుకోవాలండీ?"

"డిసెంబరులో వ్రాయండి. గుడ్డ లకోటాలో" అన్నాడు తిరుపాలు.

ఖాసింబీ పేరు నల్ల జాబితాలోకి ఎక్కింది. వచ్చే ఏటి హాస్టలు పని బుజ్జిబాబుకి రాసిచ్చారు. నేను ఆ సందులోంచి వెళ్ళడం మానేసి చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి.

ఇంత భారీగా మిగులు దొరికాక దాన్ని ఘనంగా వినియోగించాలి గదా. త్యాగం చేసిన బాలికలకి అభినందన పత్రాలు పంపాలని పరాంకుశం గారు నిర్ణయించారు. ఎవరి మడత గుడ్డతో వాళ్ళకే కవరు, మీద వాళ్ళ పేరు దారంతో కుట్టి. లోపలి పత్రం ఇలా ఉంది: "తమ దేహవృద్ధి నిమిత్తం నిరుపయోగముగా నిల్వ ఉంచబడిన వస్త్రమును పర్యావరణ పరిరక్షణార్థం సమర్పించినందులకు తమను మనసారా అభినందించడమైనది. ఇట్లే ముందు ముందు కూడ సహకరించగలరని ఆశించడమైనది."

నూట పద్దెనిమిది పేర్లు కుట్టడానికి మా ఆఫీసుకి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఇంకే పనీ జరగలేదు. ఊరికి ఏ లోటూ కనిపించలేదు, దాన్నిబట్టి మా సంస్థ ఎంత అవసరమో నాకు తెలిసింది.

పిల్లలు మాత్రం మా సర్క్యులరు కోసం ఆగలేదు, ఎదిగారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు కదా. జనవరిలో కవర్లు ఇవ్వడానికి నేను హాస్టలుకి వెళ్ళేసరికి స్కర్టులు మోకాళ్ళ పైకి వచ్చాయి. పిల్లలు సంచులు ముందు అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. ఎనిమిదో తరగతి చెంచులక్ష్మి లెక్కల్లో ఫస్టు, బోర్డు దగ్గరికి రమ్మంటే లేవడం మానేసిందని ఎస్తేరు గారు చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే అందరి సంతకాలూ తీసుకుని కవర్లు ఇచ్చాను.

చెంచులక్ష్మి కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది. పత్రం చదవలేదు. గుడ్డని వేళ్ళతో నలిపింది.

"మేడమ్, ఇది నా స్కర్టే" అంది.

ఆ తర్వాత జరిగింది నాకు ఎస్తేరు గారు చెప్పగా తెలిసింది. మర్నాడు ఆదివారం. ఖాసింబీ తన మిషనుని రిక్షాలో వేసుకుని హాస్టలుకి వచ్చింది. ఎవరూ పిలవలేదంటారు, పిలిచారంటారు. వరండాలో కూర్చుని ఒక్కొక్క కవరు కుట్టు విప్పి, వెనకున్న కాగితం నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, పట్టీలు ఆరేసి, వరస కలిపి ఎవరి గుడ్డ వాళ్ళ స్కర్టుల కిందే కుట్టింది. నూట పద్దెనిమిది మందివీ అయ్యేసరికి మూడు ఆదివారాలు పట్టింది. "పేర్ల దారం కూడా పీకెయ్యమంటారా పిన్నీ?" అని పెద్దపిల్లలు అడిగితే, "ఉండనీండే. పంపినోళ్ళ చేతిపని అట్టా పారెయ్యగూడదు" అందట.

ఫిబ్రవరిలో మా పథకాన్ని చూడటానికి పై నుంచి పరిశీలక బృందం వచ్చింది. వాళ్ళకి నచ్చితే పరాంకుశం గారికి అవార్డు. ఆయన వాళ్ళని మొదట ఆఫీసులో గంజి సెక్షను చూపించి, తర్వాత త్యాగం చేసిన బాలికల్ని చూపిస్తానని హాస్టలుకి తీసుకెళ్ళారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. ఎవరి చేతుల్లోనూ సంచులు లేవు. స్కర్టులు మోకాళ్ళ కిందికి దిగాయి. దిగినచోట నేరేడు రంగు కొత్తగా మెరుస్తోంది, దాని మీద ఎర్ర దారంతో పేర్లు, "కుమారి", "గారికి", కొన్నింటి మీద మా ఆఫీసు ముద్ర కూడా.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. వంగి చూశారు.

"ఏమిటమ్మా ఇది?" అని చెంచులక్ష్మిని అడిగారు.

"మీరు పంపిన ఉత్తరం సార్. వేసుకున్నాం."

ఇప్పుడైనా ఈయనకి తెలుస్తుంది, తెలియక చస్తుందా అనుకున్నాను. నా అంచనాలెప్పుడూ ఇంతే.

పరిశీలక బృందానికి పెద్దగా వచ్చినాయన చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! లకోటా తిరిగి వస్త్రమైనది! ఇది రెండవ దశా?"

పరాంకుశం గారు నిటారుగా నిలబడటానికి రెండు క్షణాలు పట్టింది. "అవునండి. రెండవ దశ. మొదటినుండి మా ప్రణాళికలో ఉన్నదే" అన్నారు.

అవార్డు వచ్చింది. దానితోపాటు మార్చిలో కొత్త పథకం వచ్చింది. గుడ్డ తానుని నేరుగా బట్టలుగా కుట్టడం ఇకపై నిషిద్ధం. ముందుగా తానుని లకోటాలుగా కత్తిరించాలి. వాటి మీద చిరునామాలు కుట్టి బాలికలకి పంపాలి. అందుకున్న బాలిక వాటిని సమీప అధీకృత దర్జీ వద్దకు తీసుకెళ్ళి స్కర్టుగా కుట్టించుకోవాలి. ఒక స్కర్టుకి ముప్ఫైయారు ఉత్తరాలు. అధీకృత దర్జీ బుజ్జిబాబు. ఖాసింబీ మీద ప్రభుత్వ లకోటాలు అనుమతి లేకుండా విప్పిన నేరం అదనంగా పడింది. ఆవిడ హాస్టలు గేటు దాటి లోపలికి రాకూడదని కూడా ఉత్తర్వు వెళ్ళింది. ఆ ఉత్తర్వు చిరునామా కుట్టింది నేనే. పొట్టి పేరు, ఒక్క పూటలో అయిపోయింది.

పొద్దస్తమానం కూర్చుని కుట్టడం వల్ల నా పొట్ట ఇంకాస్త పెరిగింది. కిందటి సోమవారం దారపు ఉండ కింద పడితే వంగాను, చొక్కా చంక నుంచి నడుం దాకా చిరిగింది. మడత తీసేసిన చొక్కాయే. ఇంకో దారి లేక మార్కెట్టు వెనక సందులోకి వెళ్ళాను. ఖాసింబీ ఎవరి పిల్లదో పరికిణీకి మడత పెడుతోంది. నల్ల జాబితాలో ఉన్నా ఊళ్ళో తల్లులు ఆవిడ దగ్గరికి రావడం మానలేదు. పని తగ్గిందని మాత్రం దుకాణం చూస్తే తెలుస్తోంది.

"పిన్నమ్మా, ఇది కాస్త వదులు చెయ్యి" అన్నాను, తల ఎత్తకుండా.

ఆవిడ చొక్కా తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు పెట్టి పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. రెండు పక్కలా చూసింది.

"ఇందులో విప్పటానికేముంది నాయనా? నీ గుడ్డ నీ ఆఫీసులో ఉంది. పోయి తెచ్చుకో, కుట్టిస్తా."

కోపంగా అనలేదు. చొక్కా మడిచి చేతికిచ్చి మళ్ళీ పరికిణీ అందుకుంది.

నా గుడ్డ ఎక్కడుందో నాకు తెలుసు. ఖాసింబీ ఫైల్లో, నేరాంగీకార పత్రానికి సాక్ష్యంగా, నేను కుట్టిన కవరు రూపంలో ఉంది. దాన్ని తిరిగి తీసుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు మిగులు గుడ్డతో చేసిన కవర్లో ఇవ్వాలి. నా దగ్గర మిగులు లేదు. కాగితం కవర్లో పెట్టి ఇద్దామా అంటే, దాన్ని తీసుకోవాల్సింది తపాలా గుమాస్తా. వాడు తీసుకోడు. వాడి సంగతి నాకు తెలుసు.